ప్రీమియం ఎవరి కోసం?

"సావనీరుకు ఏదైనా రాయండి మాస్టారూ" అంటూ యూనియన్ పిల్లలు నాలుగోసారి వచ్చేసరికి ఇక తప్పించుకునే దారి లేకపోయింది. కామర్సు శాఖవాణ్ణి కాబట్టి బడ్జెట్ గురించో, బ్యాంకుల గురించో రాస్తానని వాళ్లు అనుకుని ఉంటారు. నేను మాత్రం నా పరువు తీసే సంగతే ఒకటి రాయదలచుకున్నాను. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు. నవ్విన తర్వాత ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు.

నేను ఈ కాలేజీలోనే చదివాను, ఈ కాలేజీలోనే ఇరవై ఏళ్లుగా బీమా సూత్రాలు పాఠం చెబుతున్నాను. పరమ విశ్వాస సూత్రం, నష్టపూర్తి సూత్రం అంటూ బోర్డు నిండా రాసి, ఉదాహరణలు చెప్పి, పరీక్షలో అవే ప్రశ్నలుగా ఇచ్చి, తప్పు రాసినవాళ్లకు మార్కులు కోసినవాణ్ణి. అటువంటి నేను, నా సెకండ్ హ్యాండ్ కారుకు ఇన్సూరెన్సు గడువు తీరి ఇరవై మూడు రోజులైనా చూసుకోలేదు. ఫోను నంబరు మార్చాను, కంపెనీవాళ్ల కబురు పాత నంబరుకు పోయింది. ఇది సంజాయిషీ మాత్రమే, సమాధానం కాదు. తేదీ కాగితం మీద ఉంది. కాగితం నా బీరువాలో ఉంది.

ఇరవై నాలుగో రోజు ఆదివారం. రైతుబజారు పక్క సందులోంచి కారు వెనక్కి తీస్తున్నాను. అద్దంలో ఎవరూ కనిపించలేదు. మరుక్షణంలో కేకలు. దిగి చూస్తే కూరగాయల తోపుడుబండి ఒరిగిపోయి ఉంది, టమాటాలు రోడ్డు నిండా దొర్లుతున్నాయి, బండి తోసే ఆయన కాలు చక్రం కింద నలిగింది. ఆయన్ని అదే కారులో ఆస్పత్రికి తీసుకువెళ్లాను. ఎముక చిట్లిందన్నారు, ఆరు వారాలు కట్టు అన్నారు. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఇన్సూరెన్సు ఏజెంటుకు ఫోను చేస్తే, "మాస్టారూ, మీ పాలసీ పోయిన నెలలోనే అయిపోయింది గదా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు ఎలా చల్లబడిందో ఇప్పటికీ జ్ఞాపకం ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలు కాక తల అయితే? లేచి కాగితం, పెన్సిలు తీసుకుని, క్లాసులో పిల్లల చేత చేయించే లెక్కే నాకోసం వేసుకున్నాను. మీరూ చూడండి.

ముప్పై అయిదేళ్ల మనిషి అనుకోండి. నెలకు 12,000 రూపాయల సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఆయన మీద ఆధారపడ్డవాళ్లు. ఏడాదికి 1,44,000. నలభై ఏళ్లలోపు స్వయం ఉపాధి మనిషి కాబట్టి, భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 40 శాతం కలపాలి. 2,01,600 అయింది. నలుగురు ఆధారపడ్డవాళ్లున్నప్పుడు ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తారు. మిగిలింది 1,51,200. ఆయన వయసుకు 2009 నాటి తీర్పు నిర్ణయించిన గుణకం 16. హెచ్చవేస్తే 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వగైరాలు దీనికి అదనం. పాలసీ ఉంటే ఈ మొత్తం కంపెనీ కడుతుంది. పాలసీ లేకపోతే నేను కట్టాలి. అంటే నా ఇల్లు, నా ప్రావిడెంటు ఫండు, మా అమ్మాయి చదువు, అన్నీ ఆ కాగితం మీదికి వచ్చేశాయి.

ఇంతకీ నేను కట్టకుండా వదిలేసిన ప్రీమియం ఎంత? 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం, 1000 సీసీ మించని సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు. 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416. అంతకు పైన 7,897. మన స్టాండులో ఎక్కువగా కనిపించే 75 నుంచి 150 సీసీ మోటారు సైకిళ్లకు 714 రూపాయలు, ఆపైన 350 సీసీ దాకా 1,366. దీనికి పన్ను కలుస్తుంది. ఆ 714ను రోజుల మీద పంచితే రోజుకు రెండు రూపాయలకు కాస్త తక్కువే. క్యాంటీన్‌లో సగం టీ కూడా రాదు.

ఈ ధర కంపెనీ ఇష్టం కాదు. ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. సొంత బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం మాత్రం 2007 నుంచి కంపెనీకో తీరుగా ఉంటుంది. బేరం ఆడదలచినవాళ్లు అక్కడ ఆడుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ వేరని తెలియకనే సగం గందరగోళం.

మొదటి ముక్క థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటివాడు చచ్చిపోయినా, గాయపడినా కోర్టు నిర్ణయించినంత కంపెనీ చెల్లిస్తుంది. ఎదుటివాడి ఆస్తికి నష్టమైతే సొంత కారు పాలసీలో ఏడున్నర లక్షల దాకా, మోటారు సైకిలు పాలసీలో లక్ష దాకా. ఇది 1939 నాటి మోటారు వాహనాల చట్టం నుంచీ ఉన్న ఏర్పాటే, ఇప్పటి 1988 చట్టంలో 146వ సెక్షను. రెండో ముక్క మన బండికి సంబంధించింది. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద, గుద్దుకోవడం వగైరా. రెండూ కలిపి తీసుకుంటే జనం "ఫుల్ ఇన్సూరెన్సు" అంటారు. పేరులోనే ఫుల్లు. బండి పాతబడే కొద్దీ దాని విలువ తగ్గిస్తారు, మొదటి ఆరు నెలలకే 5 శాతం, నాలుగేళ్లు దాటితే సగం. మార్చిన ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మనమే పెట్టుకోవాలి. అలా కాకూడదంటే "బంపర్ టు బంపర్" అని ఇంకొంత కట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. అటువంటప్పుడు నీళ్లలో ఉన్న కారును స్టార్టు చేస్తే ఇంజను పాడవుతుంది, ఆ ఖర్చు మామూలు పాలసీలో రాదు. ఇంజనుకు విడిగా రక్షణ తీసుకున్నవాళ్లకే వస్తుంది. నీట మునిగిన బండికి తాళం పెట్టి తిప్పకండి, ముందు కంపెనీకి కబురు చేయండి.

ఇక విద్యార్థి మిత్రులకు ప్రత్యేకించి మూడు మాటలు.

ఒకటి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త మోటారు సైకిలు కొంటే అయిదేళ్లకు, కారు కొంటే మూడేళ్లకు ఒకేసారి థర్డ్ పార్టీ పాలసీ తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. మంచిదే. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. సొంత నష్టం ముక్క చాలా పాలసీల్లో ఒక్క ఏడాదికే ఉంటుంది. "అయిదేళ్లకు కట్టేశాం గదా" అని నిశ్చింతగా ఉన్నవాడి బండి రెండో ఏట దొంగతనమైతే దమ్మిడీ రాదు. అయిదేళ్లు ఎవరూ అడగరు కాబట్టి ఆరో ఏడు అసలుకే మరిచిపోతాం.

రెండు. "ఒరేయ్, తాళం ఇవ్వరా, అయిదు నిమిషాల్లో వస్తా." ఈ మాట మన కాలేజీలో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో! తీసుకున్నవాడికి లైసెన్సు లేకుండా ప్రమాదం చేస్తే, కంపెనీ చేత బాధితుడికి కట్టించి, ఆ డబ్బు బండి యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు చెబుతాయి. ఆ యజమాని చాలాసార్లు ఊళ్లో ఉన్న మీ నాన్నగారు. స్నేహానికి ఇచ్చిన తాళం ఆయన పొలం మీదికి తెస్తుంది.

మూడు. వెనక కూర్చున్న స్నేహితుడు. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉన్న మోటారు సైకిలు మీద వెనక కూర్చున్నవాడికి ఆ పాలసీ వర్తించదని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెండు ముక్కలూ కలిసిన పాలసీ అయితే వర్తిస్తుంది. మీరు రోజూ ఎక్కించుకు తిరిగే ప్రాణస్నేహితుడికి మీ పాలసీలో చోటు ఉందో లేదో ఇవాళే చూడండి.

"కంపెనీలు డబ్బులిచ్చేది ఉందా సార్, అంతా మోసం" అని క్లాసులో ఒక కుర్రవాడు అన్నాడు. సొంత బండి రిపేరు బిల్లు దగ్గర కంపెనీలు కోత కోస్తాయి, బేరాలాడతాయి. నిజమే, నాకూ అనుభవం ఉంది. కాని ఆ పేచీ మనకూ కంపెనీకీ మధ్య. దానికి కోపగించుకుని థర్డ్ పార్టీ మానేస్తే శిక్ష పడేది కంపెనీకి కాదు, రోడ్డు మీద నడిచేవాడికి. "పట్టుకుంటే జరిమానా కట్టేస్తాను" అనేవాళ్లకూ ఇదే సమాధానం. 2019 సవరణ తర్వాత జరిమానా మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. అయితే ఆ రెండువేలు ఖజానాకు పోతాయి. కాలు విరిగినవాడికి అందులో పైసా రాదు.

నాకు ఈ ఏర్పాటు మీద ఫిర్యాదులు లేకపోలేదు. జాగ్రత్తగా నడిపేవాడికీ, రోడ్డు తనదే అనుకునేవాడికీ థర్డ్ పార్టీ ధర ఒకటే. ఇంజను సైజే చూస్తారు గాని మనిషి నడిపే తీరు చూడరు. క్లెయిము చేయనివాడికి ఇచ్చే బోనసు, మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 దాకా వెళ్లేది, సొంత నష్టం ముక్కకే వర్తిస్తుంది. ఇది మారాలి. రెండోది భాష. బీమా రంగాన్ని నియంత్రించే సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. నా చేతికి వచ్చిన పాలసీ మాత్రం ఆసాంతం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన నాకే భూతద్దం కావలసి వస్తే ఆటో నడుపుకునే ఆయన గతి ఏమిటి? ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో, ఏ తేదీ దాకానో, మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో వేయడానికి ఏం అడ్డం?

తోపుడుబండి ఆయన సంగతి చెప్పి ముగిస్తాను. ఆస్పత్రి ఖర్చు 38,000 అయింది. ఆరు వారాల కూలి, పాడైన సరుకు నేనే ఇచ్చుకున్నాను. ఆయన కేసు పెట్టలేదు. అది ఆయన మంచితనం, నా గొప్పతనం కాదు. కట్టు విప్పిన రోజున చూడబోతే, టీ ఇప్పించి ఒక మాట అన్నాడు: "నీ దగ్గర ఉంది కాబట్టి ఇచ్చావు బాబూ. లేనివాడు గుద్ది ఉంటే నా పిల్లలు ఏమయ్యేవారు?"

నేను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాసిన పాఠం ఆ రోజున నాకు అర్థమైంది. ప్రీమియం మనకోసం కట్టుకునేది అనుకుంటాం కాబట్టే, "నాకేం కాదులే" అని మానేస్తాం. అది మన పేరు కూడా తెలియని మనిషికి మనం ఇచ్చే మాట. బండి రోడ్డు మీదికి తీసే ముందే ఇవ్వవలసిన మాట.

అందుచేత విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. ప్రతి సంవత్సరం కాలేజీ తెరిచిన మొదటి నెలలో ఒక రోజు పెట్టండి. స్టాండు దగ్గర ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. విద్యార్థులవీ, అధ్యాపకులవీ, అందరి బండ్ల పాలసీ తేదీలూ చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. గడువు దగ్గరపడ్డవాళ్లకు ఒక మాట చెప్పండి. ఎవరినీ పట్టించనక్కరలేదు, గుర్తుచేస్తే చాలు. ఆ పుస్తకంలో మొదటి పేరుగా నాది రాసుకోండి.

పూర్వ విద్యార్థి మిత్రులారా, మీకు బల్ల, కుర్చీ అక్కరలేదు. ఈ సావనీరు పక్కన పెట్టి, బీరువా తెరిచి, పాలసీ మీద తేదీ ఒక్కసారి చూసుకోండి.