సింగిల్ క్లిక్కుకి టైమర్ కట్టే బాబులకో దణ్ణం

"క్లిక్ ఈవెంట్ రాగానే పని చెయ్యకు, ఓ టైమర్ పెట్టు. ఈలోపు డబుల్ క్లిక్ వస్తే టైమర్ ఆపెయ్. రాకపోతే అప్పుడు చెయ్యి." విన్‌ఫామ్స్‌లో ఈ రెండు ఈవెంట్లకీ పేచీ వచ్చిన ప్రతివాడికీ ఎవరో ఒకరు చెప్పే చిట్కా ఇది. పనిచేస్తుంది కూడా. అదే వచ్చిన చిక్కు!

డబుల్ క్లిక్ చేస్తే ముందు సింగిల్ క్లిక్ కూడా రావడం విండోస్‌లో బగ్గని చాలామంది అనుకుంటారు. కాదండీ. మొదటిసారి నొక్కినప్పుడు రెండోది వస్తుందో రాదో దానికేం తెలుసు? అందుకని మొదటిదాన్ని మామూలు క్లిక్కుగానే పంపేస్తుంది. నిర్ణీత సమయంలో, దాదాపు అదే చోట మళ్ళీ నొక్కితే, ఆ రెండోదాన్ని డబుల్ క్లిక్ అంటుంది. అంతే.

ఆ సమయం మామూలుగా 500 మిల్లీసెకన్లు. అంటే మీ టైమర్ పుణ్యమా అని ప్రతి సింగిల్ క్లిక్కూ అరసెకను నిద్రపోయి లేస్తుంది. గ్రిడ్డు ముందు కూర్చుని రోజుకి 2000 క్లిక్కులు కొట్టే బిల్లింగు గుమస్తాని తలుచుకోండి. 1000 సెకన్లు, పదహారు నిమిషాల పైమాటే. ఆయన మాత్రం "సిస్టమ్ స్లో" అని హార్డ్‌వేర్ వాణ్ణి తిట్టుకుంటాడు.

స్లో అని టెస్టర్ గోల పెడితే మనవాళ్ళు ఏం చేస్తారు? 500 తీసేసి 200 అని హార్డ్‌కోడ్ చేస్తారు. పాతికేళ్ళ వేళ్ళకి బానే ఉంటుంది. చేతులు వణికే పెద్దాయన కంట్రోల్ ప్యానెల్‌లో ఆ సమయాన్ని 900 దాకా పెంచుకుని ఉంటాడు. ఆయన నిదానంగా రెండుసార్లు నొక్కేసరికి మీ టైమర్ ఎప్పుడో పేలిపోయి సింగిల్ క్లిక్ పని అయిపోతుంది. వెనకాలే డబుల్ క్లిక్ పనీ జరుగుతుంది. ఏ గొడవ తప్పించడానికి టైమర్ పెట్టారో అదే గొడవ, అదీ ఆయనకే. ఇంకొందరు మహానుభావులు ఏకంగా సెట్‌డబుల్‌క్లిక్‌టైమ్ పిలిచేస్తారు. అది మెషీన్‌లో ఉన్న అన్ని ప్రోగ్రాములకీ వర్తిస్తుంది బాబూ! మనింటి గడియారం తప్పిందని ఊళ్ళో గడియారాలన్నీ తిప్పేస్తారా?

మైక్రోసాఫ్ట్ రేమండ్ చెన్ 2004లోనే చెప్పాడు, డబుల్ క్లిక్ పని సింగిల్ క్లిక్ పనికి కొనసాగింపుగా ఉండాలని. ఎక్స్‌ప్లోరర్ చూడండి: ఒకసారి నొక్కితే ఫైలు ఎంపికవుతుంది, రెండోసారి తెరుచుకుంటుంది. మొదటిది జరిగిపోయినా నష్టం లేదు, ఆపడానికి టైమరూ అక్కర్లేదు. అక్కడా ఒక చోట ఆగడం ఉందిలెండి. ఎంపికైన ఫైలు పేరు మీద మళ్ళీ నొక్కితే, డబుల్ క్లిక్ కాదని తేలాకే పేరు మార్చనిస్తుంది. ఒప్పుకుంటాను. కానీ పేర్లు రోజుకి ఎన్నిసార్లు మారుస్తాం?

"క్లయింట్ అలాగే అడిగాడు" అంటారు, నాకు తెలుసు. క్లయింట్ అడిగింది రెండు పనులు. ఆ రెంటినీ ఒకే మీట మీద కుక్కమని చాలాసార్లు ఆయన అడగడు, ఆ తెలివి మనదే. ఒకసారి నొక్కితే బిల్లు ప్రింట్, రెండుసార్లు నొక్కితే బిల్లు రద్దు! రద్దుకి వేరే బటన్ పెట్టండి. టూల్‌బార్‌లో చోటు లేదంటారా, కుడి క్లిక్ మెనూ ఖాళీగానే ఉందిగా.