అందరం వెళ్లాం, అత్తయ్య తప్ప

సంక్రాంతి సెలవులంటే మా ఇంట్లో పన్నెండేళ్లుగా ఒకటే పద్ధతి. హైదరాబాదులో తెల్లవారుజామున బస్సెక్కడం, ఖమ్మంలో దిగి టీ తాగడం, వైరా, తల్లాడ, కల్లూరు దాటుకుని మధ్యాహ్నానికి పెనుబల్లి చేరడం. అది మావారి ఊరు. దిగేసరికి గుమ్మంలో అత్తయ్య ఉంటుంది. పిల్లల కాళ్లకి నీళ్లు, మాకు మజ్జిగ, పొయ్యి మీద అప్పటికే కోడికూర. ఇంతవరకూ అంతా బాగానే ఉంటుంది. నేను రాయదలుచుకున్నది ఆ తర్వాతి నాలుగు రోజుల గురించి.

మా అత్తారిల్లున్న చోటు చూడాల్సినవాటికి దగ్గర. ఒక పూట ఖాళీ దొరికితే లంకాసాగర్ చెరువుగట్టు, నీలాద్రి గుడి. ఒక రోజు దొరికితే పాల్వంచ దగ్గర కిన్నెరసాని, అక్కడి జింకల పార్కు. తెల్లవారకముందే బయలుదేరితే భద్రాచలం, పర్ణశాల. ఇంకాస్త ఓపికుంటే పోచవరంలో పడవెక్కి పాపికొండలు. పెళ్లయిన ఏడాది నుంచీ ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తూ వచ్చాను. మావారు, మరిది, తోటికోడలు, ఆడపడుచు, వాళ్ల పిల్లలు, అందరం ఒక బండి మాట్లాడుకుని వెళ్లేవాళ్లం. నా ఫోనులో ఆ ఫొటోలు వందల్లో ఉన్నాయి.

వాటిల్లో అత్తయ్య లేదు. ఒక్క దాంట్లో కూడా లేదు.

ఈ సంగతి నేను కనిపెట్టలేదు. పదేళ్ల మా పాప కనిపెట్టింది. నిరుడు సంక్రాంతికి పాపికొండలు వెళ్లి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాం. కాగులో వేణ్ణీళ్లు కాగుతున్నాయి, వేడన్నం, చారు, వడియాలు సిద్ధంగా ఉన్నాయి. పొద్దున నాలుగింటికి లేచి మాకు పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో సర్ది, గేటు దాకా వచ్చి సాగనంపిన మనిషే మళ్లీ ఇవన్నీ చేసి మాకోసం కూర్చుంది. పాప అన్నం తింటూ పడవ కబుర్లు చెబుతోంది. మధ్యలో ఆగి, "నానమ్మా, నువ్వెప్పుడు చూశావు పాపికొండలు?" అంది.

"నువ్వు చెబుతున్నావుగా, చూసినట్టే" అని నవ్వేసింది అత్తయ్య. తర్వాత నేను గిన్నెలు తీస్తుంటే నా పక్కకొచ్చి, ఎవరూ వినకుండా అడిగింది. "పడవలో కూచుంటే నీళ్లు చేతికందుతాయా అమ్మా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లుగా ఆవిడ ఆ గోదావరికి రెండు మూడు గంటల దూరంలో ఉంటోంది. పట్నం నుంచి వచ్చిన కోడలికి ఆ నీళ్లు చేతికందాయో లేదో తెలుసు, ఆవిడకి తెలియదు.

నిజం చెప్పాలంటే మేం ఎప్పుడూ అడగలేదని కాదు. "మీరూ రండి అత్తయ్యా" అని ప్రతిసారీ అనేదాన్ని. "నాకెందుకమ్మా ఇయ్యన్నీ, మీరెళ్లి రండి" అని ఆవిడా ప్రతిసారీ అనేది. అది విని మేం బండెక్కేవాళ్లం. అడిగినవాళ్లకి అడిగామన్న తృప్తి, కాదన్నవాళ్లకి కాదన్న గౌరవం, లెక్క సరిపోయేది. కానీ కొన్ని పిలుపులు రావద్దని చెప్పడానికే పిలిచినట్టుంటాయి. గేదెకి పాలు ఎవరు తీస్తారు, మామయ్యకి అన్నం ఎవరు పెడతారు, రాత్రికి ఇంతమందికి వంటేంటి, ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా "మీరూ రండి" అంటే దానర్థం "మీరుండండి" అనే.

ఇంకో నిజం కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. ఆవిడ రాకపోతే నాకు హాయిగా ఉండేది. బండిలో మావారి పక్కన కూర్చోవచ్చు, నచ్చిన డ్రెస్సు వేసుకోవచ్చు, కొంగు సర్దుకోనక్కర్లేదు. రోజంతా అత్తారింటి వంటగదిలో మెసలిన కోడలికి ఆ ఒక్క రోజే కదా సెలవు అనిపించేది. మీలో చాలామందికి ఇది తెలుసు. అత్తారింటికి సెలవులకి వెళ్లడమంటే మావారికి అమ్మ దగ్గరికి వెళ్లడం, మనకి వంటగది మారడం. అందుకే ఒక రోజు దొరికితే పారిపోతాం. పారిపోయేటప్పుడు మన వాటా పని ఎవరి మీద పడుతోందో మాత్రం వెనక్కి తిరిగి చూడం.

మన దేశంలో 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు అందులోనే ఉంటున్నారు. ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో ఇవే అంకెలు 299, 97. ఐదేళ్లలో ఇద్దరికీ దాదాపు ఒకే కొలతలో తగ్గింది, మధ్య దూరం అలాగే ఉంది. ఇది మామూలు రోజుల సగటు. పండక్కి పదిమంది దిగిన ఇంట్లో, ఒక్క మనిషికి ఎన్ని నిమిషాలవుతాయో మీరే ఊహించుకోండి. మనకి సెలవు రోజులంటే ఆవిడకి పని పెరిగే రోజులు.

జపాన్‌లో కూడా కొత్త సంవత్సరానికీ, ఆగస్టులో పెద్దలని తలుచుకునే బోన్ పండక్కీ జనం సొంత ఊళ్లకి కట్టకట్టుకుని వెళతారు. మన సంక్రాంతి బస్సుల్లాగే అక్కడ రైళ్లు కిటకిటలాడతాయట. కొత్త సంవత్సరానికి వాళ్లు తినేదాన్ని ఒసేచి అంటారు. నల్ల సోయా గింజలు, చుట్టిన గుడ్డట్టు, ఉప్పులోనూ తీపిలోనూ ఊరిన కూరలు, చేపలు, ఇవన్నీ ముందే వండి ఒకదానిమీద ఒకటి పేర్చే పెట్టెల్లో సర్దేస్తారు. నిలవుండే తిండి అది. పండగ మొదటి మూడు రోజులూ పొయ్యి వెలిగించకుండా, ఇంటి ఆడవాళ్లకి కాస్త ఊపిరి పీల్చుకునే వీలివ్వడం కూడా దాని ఉద్దేశమని చెబుతారు. అయితే డిసెంబరు చివరి రోజుల్లో ఆ పెట్టెలు నింపేది కూడా ఆడవాళ్లే. ఇప్పుడు చాలామంది దుకాణాల్లో కొనుక్కుంటున్నారు. అక్కడా అంతా సుఖమని నేననను. కానీ వండేవాళ్లకి కూడా పండగ ఉండాలన్న మాట, కనీసం మాటగానైనా, వాళ్ల ఆచారంలోకి ఎక్కింది.

మనకీ లేకపోలేదు. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడవాళ్లు చేసేదేంటి? సద్దులు కట్టుకుని చెరువుగట్టుకి పోయి, ఆడి పాడి, అక్కడే పంచుకుని తినడం. ఆ పూట గడప దాటడమే పండగ. సంక్రాంతికి వచ్చేసరికి మాత్రం అరిసెల పాకం నుంచి కనుమ నాటి మాంసం దాకా అంతా పొయ్యి చుట్టూనే.

మా అత్తయ్య అసలు ఎక్కడికీ వెళ్లలేదని కాదు. ప్రతి శివరాత్రికీ నీలాద్రి వెళుతుంది. మావారి పుట్టువెంట్రుకలు తీయించడానికి భద్రాచలం వెళ్లింది. అక్కడా చెట్టుకింద మూడు రాళ్లు పెట్టి పాతికమందికి వండి, సాయంత్రానికి తిరిగొచ్చిందట. శ్రీరామనవమి కల్యాణం ప్రతి ఏటా టీవీలోనే చూస్తుంది. ఆ తరం ఆడవాళ్లు కదలాలంటే ఒక మొక్కు ఉండాలి. ఊరికే, చూడ్డానికి, సరదాకి వెళ్లడం అనేది వాళ్ల లెక్కలో లేదు. లేదని మనం కూడా ఖాయం చేసేశాం.

ఈ సంక్రాంతికి మేం పద్ధతి మార్చాం. అడగలేదు, ఏర్పాటు చేశాం. పక్కింటావిడతో రెండు పూటల పాలు తీసే పని ముందే మాట్లాడాను. మామయ్యతో మావారు మాట్లాడాడు. "ఒక రోజు అన్నం నేను పెట్టుకోలేనా" అన్నాడాయన, కాస్త ఉక్రోషంగానే. రాత్రికి వంట లేదు, వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెచ్చుకుందాం అన్నాను. అత్తయ్య అప్పుడూ ఒప్పుకోలేదు. కచ్చులూరు పడవ సంగతి ఎత్తింది. 2019 సెప్టెంబరు 15న మునిగిన ఆ పడవని టీవీలో రోజులతరబడి చూసిన మనిషి. ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేదు. లైఫ్ జాకెట్ వేసుకోందే కూర్చోవద్దని మొదట మన పాపకే చెప్పాను, ఆవిడ వింటుండగా.

భద్రాచలం వరకూ ఆర్టీసీ బస్సులోనే వెళదామంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా, ఆధార్ కార్డు కొంగున కట్టుకుని ఎక్కింది. కండక్టరిచ్చిన జీరో టికెట్టు పారేయకుండా పర్సులో దాచుకుంది. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయాలు వాళ్లకుండొచ్చు. "నా చార్జీ ఎవరూ పెట్టుకోనక్కర్లేదు" అని ఆవిడ అన్నప్పుడు, ఇన్నేళ్లూ ఆవిడ రానన్నదాంట్లో డబ్బు లెక్క కూడా ఉందని నాకప్పుడే తెలిసింది.

కొత్తగూడెంలో బస్సు మారాం. పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కాక ఆవిడ కిటికీ దగ్గరికి జరిగింది. దర్శనమయ్యాక పర్ణశాల వెళ్లాం. సీతమ్మ నారచీరలు ఆరేసిందని చెప్పే బండలు, పసుపు కుంకుమ రాళ్లు అక్కడ చూపిస్తారు కదా. నేను నాలుగుసార్లు చూశాను, ఫొటోలు దిగాను. అత్తయ్య చూసి, "అడవికొచ్చినా ఉతుకుడు తప్పలేదా తల్లీ" అంది. అక్కడున్న ఆడవాళ్లందరూ నవ్వారు. నవ్వాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

మర్నాడు పోచవరం. భద్రాచలం దాటగానే ఆంధ్ర వచ్చేస్తుంది, 2014లో ఆ మండలాలు అటు కలిశాయి. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలవడం చూపించాం. పడవలో జాకెట్టు వేసుకుని రెయిలింగు పట్టుకుని కూర్చుంది. నీళ్లు చేతికందలేదు, పెద్ద పడవ. పేరంటాలపల్లిలో దిగినప్పుడు, శివుడి గుడికి వెళ్లేముందు ఒడ్డున వంగి రెండు చేతులూ నీళ్లలో పెట్టింది. చాలాసేపు తీయలేదు. ఆ ఒడ్డు ఊళ్లు చాలావరకూ పోలవరం ముంపులో ఉన్నాయి. ఇప్పుడున్నట్టు ఎన్నాళ్లుంటాయో. ఇంకో ఐదేళ్లు "వచ్చే ఏడాది చూద్దాంలే" అని ఉంటే, చూపించడానికి ఆ ఒడ్డు ఉండేది కాదేమో, ఆవిడ మోకాళ్లూ ఉండేవి కావేమో.

ఇదంతా సాఫీగా జరిగిందని అనుకోకండి. బండిలో నేను మావారి పక్కన కూర్చోలేదు. ఆవిడకి రెండుసార్లు వాంతయింది. గేదె ఏమైందో అని ఆరుసార్లు ఫోను చేయించింది. రాత్రి తెచ్చిన హోటలు కూర నచ్చక, వద్దంటున్నా లేచి చారు పెట్టింది. అయినా అదంతా ఒక మనిషితో కలిసి ఊరెళ్లడంలో ఉండేదే. పన్నెండేళ్లు ఆవిడ నాకు వండిపెట్టే మనిషి. ఈ రెండు రోజుల్లో ఆవిడకి కొండలంటే ఇష్టమనీ, పాటలొచ్చనీ, నాకంటే ఎక్కువ ప్రశ్నలున్నాయనీ తెలిసింది.

కొందరు అంటారు, వండిపెట్టడంలోనే వాళ్లకి ఆనందం, మనం ఎందుకు చెడగొట్టాలని. ఆనందం ఉంది, కాదనను. పులిహోర బాగుందంటే ఆవిడ ముఖం వెలుగుతుంది. కానీ వేరేది రుచి చూడనివ్వకుండా ఇదే ఇష్టమని తేల్చేయడం న్యాయం కాదు. రేపు మన కోడళ్లు, అల్లుళ్లు మన గురించి కూడా ఇదే అంటారు. "అమ్మకి ఇంట్లోనే బాగుంటుంది" అని.

కాబట్టి ఈసారి సెలవులకి అత్తారింటికి వెళ్లేముందు, ఎక్కడెక్కడికి వెళ్లాలో రాసుకునే కాగితం మీదే ఇంకో మూడు మాటలు రాయండి: పాలు ఎవరు, పెద్దాయనకి అన్నం ఎవరు, రాత్రి వంట ఎందుకు లేదు. ఆ మూడింటిలో కనీసం ఒకటి మీవారి పేరు మీద రాయండి, ఇది కోడళ్లే మోయాల్సిన బరువు కాదు, ఆవిడ ఆయన తల్లి. మీ పుట్టింట్లో మీ అమ్మ కూడా ఇలాగే గేటు దగ్గర నిలబడుతుంటే, మీ తమ్ముడికీ ఇదే చెప్పండి.

మా అత్తయ్య నిన్న ఫోను చేసింది. మామయ్య బాగున్నాడు, గేదె బాగుంది, మామిడి పూత బాగుంది అని అన్నీ చెప్పి, చివర్లో అడిగింది. "కిన్నెరసానిలో జింకలు దగ్గరికొస్తాయంట కదా. ఎండలు ముదరకముందే అయితే బాగుంటదేమో?"

పాప సెలవులు చూసుకుంటున్నాను.