కళావీక్షణం: కామెల్లియా కొమ్మ పట్టిన యువతి

ఒక మనిషి రూపాన్ని చిత్రించమంటే ఉన్నదానికంటే ఒక పిసరు అందంగానే చిత్రించాలన్నది లోకరీతి. పెళ్ళిచూపులకు పంపే ఫోటోకు స్టూడియోవారు మెరుగులు దిద్దినట్లే, ఐరోపా చిత్రకారులు కూడా శతాబ్దాలపాటు తమ పోషకుల ముఖాలకు మెరుగులు దిద్దుతూ వచ్చారు. ఆ ఆనవాయితీని పక్కకు నెట్టిన ఒక చిత్రాన్ని ఈ నెల పరిచయం చేసుకుందాం. ‘కామెల్లియా కొమ్మతో స్వీయచిత్రం’ అనే ఈ కృతిని జర్మన్ చిత్రకారిణి పౌలా మోడర్‌సోన్-బెకర్ 1906-07లో రచించారు. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో, ఫోక్‌వాంగ్ మ్యూజియంలో నేడు దీనిని చూడవచ్చు.

చిత్రం ఎత్తు సుమారు రెండు అడుగులు. వెడల్పు అందులో సగం. ముప్ఫై ఏళ్ళ యువతి సూటిగా మనకు ఎదురుగా నిలిచి ఉంటుంది. వెలుగంతా ఆమె వెనుక లేత నీలి నేపథ్యంలో పరచుకొనగా, ముఖం నీడలో ఉంటుంది. మెడలో పూసల దండ, చేతిలో చిన్న కామెల్లియా కొమ్మ. కళ్ళు సహజ పరిమాణంకంటే పెద్దవి. చర్మపు నునుపును, వస్త్రాల మడతలను, ఆభరణాల తళుకును చిత్రకారిణి లెక్కచేయలేదు. అన్నీ తీసివేయగా మిగిలినది ఆ చూపు. ఆ చూపులో మన మెప్పుకోసం ఎదురుచూడటం లేదు. పెదవులపై చిరునవ్వు ఛాయ మాత్రం ఉన్నది.

ఈ నిరాడంబరతకు మూలం చాలా పురాతనమైనది. రోమన్ల ఏలుబడిలోని ఈజిప్టులో మృతుని రూపాన్ని చెక్కపలకపై చిత్రించి మమ్మీ ముఖభాగాన అమర్చేవారు. విశాలనేత్రాలతో ఎదురుగా చూసే అటువంటి రూపాలను పౌలా పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో శ్రద్ధగా పరిశీలించారు. సెజాన్, గోగాఁల చిత్రాలనుండి కూడా ఆమె ఎంతో గ్రహించారు. కంటికి కనబడే రూపానికంటే అంతరంగానికి ప్రాధాన్యమిచ్చి, అందుకోసం రంగును, రేఖను స్వేచ్ఛగా మార్చుకునే పద్ధతికి ఎక్స్‌ప్రెషనిజం అని పేరు. 1905లో డ్రెస్డెన్‌లో ఏర్పడిన ‘బ్రూకె’ బృందంతో ఆ ఉద్యమం రూపుదిద్దుకున్నది. ఆ బృందంలో సభ్యురాలు కాకపోయినా, కళాచరిత్రకారులు పౌలాను ఆ మార్గానికి ఆద్యులలో ఒకరిగా పరిగణిస్తారు.

పౌలా 1876లో డ్రెస్డెన్‌లో జన్మించారు. తండ్రి రైల్వే ఇంజనీరు. ఏడుగురు సంతానంలో ఆమె మూడవది. కుమార్తె తన కాళ్ళపై తాను నిలబడాలని కోరిన తండ్రి ఆమెను ఉపాధ్యాయ శిక్షణలో చేర్పించారు. 1895లో ఆమె ఆ పరీక్షలో ఉత్తీర్ణురాలైనా మనస్సు మాత్రం రంగులమీదే ఉన్నది. నాడు జర్మనీలోని ప్రభుత్వ కళా అకాడమీలలో స్త్రీలకు ప్రవేశం లేదు. అందుచేత బెర్లిన్‌లో మహిళా చిత్రకారుల సంఘం నడిపే పాఠశాలలో చేరి, అనంతరం వోర్ప్‌స్వేడె గ్రామంలోని చిత్రకారుల సమాజంలో సాధన కొనసాగించారు. 1899లో బ్రెమెన్‌లో ఆమె చిత్రాలు తొలిసారి ప్రదర్శితమైనప్పుడు ఒక విమర్శకుడు వాటిని తీవ్రంగా తూలనాడారు. మరుసటి సంవత్సరం ఆమె పారిస్‌లో విద్యార్థిని. పిల్లలకు పాఠాలు చెప్పే కొలువు చూసుకొమ్మని తండ్రి హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఆ తండ్రిని నిందించడం సులభం. కానీ జీతంపై ఆధారపడి పెద్ద కుటుంబాన్ని నెట్టుకొచ్చిన మనిషికి రేపటి చింత ఎట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆయన భయం అకారణమైనదీ కాదు. పౌలా జీవితకాలంలో అమ్ముడైన చిత్రాలను వేళ్ళపై లెక్కించవచ్చు. 1901లో చిత్రకారుడు ఓటో మోడర్‌సోన్‌ను వివాహమాడిన ఆమె, 1906 ఆరంభంలో సంసారాన్ని విడిచి పారిస్‌కు వెళ్ళి ఒంటరిగా పనిచేశారు. ఆ కాలంలో తన రూపాన్ని తానే అనేకమార్లు చిత్రించుకున్నారు. అద్దంలోని మనిషికి కూలి చెల్లించనక్కరలేదు. ఆమెను మెప్పించవలసిన పనీ లేదు.

1907 వసంతంలో ఆమె భర్తతో వోర్ప్‌స్వేడెకు తిరిగివచ్చారు. నవంబరు 2న ఆడపిల్లను ప్రసవించారు. బాలింతను చాలా రోజులు మంచంపైనే ఉంచడం ఆనాటి వైద్యం. నవంబరు 20న లేచి నడిచిన కొద్దిసేపటికే, రక్తపుగడ్డ అడ్డుపడి ఆమె కన్నుమూశారు. వయస్సు ముప్ఫై ఒకటి. ఆమె మిగిల్చి వెళ్ళిన వర్ణచిత్రాలు ఏడు వందలకు పైగా ఉన్నాయి.

1927లో బ్రెమెన్‌లో ఆమె పేరిట ఒక మ్యూజియం వెలిసింది. ఒక చిత్రకారిణి కృతులకే అంకితమైన మ్యూజియం ప్రపంచంలో అదే మొదటిది. పదేళ్ళకే నాజీ ప్రభుత్వం ఆమె కళకు ‘క్షీణకళ’ అని ముద్రవేసి, మ్యూజియంలనుండి ఆమె చిత్రాలను స్వాధీనపరచుకున్నది. అందులో ఈ కామెల్లియా చిత్రం కూడా ఉన్నది. స్త్రీ రూపం తమకు నచ్చినట్లే ఉండాలని శాసించిన ప్రభుత్వానికి ఆ చూపు రుచించలేదు. ఆ ప్రభుత్వం అంతరించింది; చిత్రం నిలిచింది.

మన ఇళ్ళలో పదవ తరగతి రాగానే పిల్లల రంగులపెట్టె అటకెక్కడం సర్వసాధారణం. పిల్లల జీవనోపాధి గురించి తల్లిదండ్రులు ఆలోచించడం న్యాయమే. అయితే ఉపాధ్యాయ పరీక్షకు చదువుతున్న రోజులలో కూడా పౌలా చిత్రలేఖనం మానలేదు. పరీక్షల పుస్తకాల పక్కనే ఆ పెట్టెకు కూడా బల్లపై కాస్త చోటు మిగిల్చడం పెద్దలకు భారం కాబోదు.