ఊరు మునిగిందా, ముంచారా?

మా ఇంట్లో గాజు గ్లాసుల్ని ఇంతవరకూ ఎవరూ పగలగొట్టలేదు. అన్నీ వాటంతటవే పగిలిపోయాయి! "అమ్మా, గ్లాసు పగిలిపోయింది" అంటాడు మా అబ్బాయి. "పగలగొట్టాను" అన్న మాట ఆ నోట ఏనాడూ వినలేదు. మీ ఇళ్లలోనూ ఇదే వరస అని నాకు తెలుసు లెండి.

ఈ విద్యలో పిల్లలకంటే ఆఫీసులు ఆరితేరాయని మొన్న శ్రీశైలం వెళ్లినప్పుడు తెలిసింది.

పాతాళగంగ మెట్ల మీద పూలమ్మే ఒకావిడను "మీదే ఊరు పెద్దమ్మా?" అనడిగాను. నీళ్లవైపు చెయ్యి చూపించింది. "అయ్యో, డ్యాములో మునిగిపోయిందా?" అన్నాను జాలిగా.

"మునిగేదేంది తల్లీ, ముంచినారు" అంది, మూర కొలుస్తూనే.

ఇన్ని నవలలు రాసిన నాకు అకర్మక క్రియకూ సకర్మక క్రియకూ ఉన్న తేడా అంత సూటిగా ఏ పంతులుగారూ చెప్పలేదు!

ఇలాంటివాళ్లకి సర్కారు కాగితాల్లో ఉన్న పేరు 'ఔస్టీ'. ఎక్కువగా మన దేశపు ప్రాజెక్టు ఫైళ్లలోనే కనబడే ఇంగ్లీషు మాట అది. 'ఔస్ట్' అంటే వెళ్లగొట్టడం. చివరనున్న 'ఈ' పాత ఫ్రెంచి కర్మణి రూపం నుంచి దిగింది. వెరసి, వెళ్లగొట్టబడిన మనిషి. ఎంప్లాయీ ఉంటే ఎంప్లాయరుంటాడు. లెస్సీ ఉంటే లెస్సరుంటాడు. మరి ఔస్టీకో? 'ఔస్టర్' అనే మాట ఉంది గానీ, కోర్టుల్లోనూ పేపర్లలోనూ దానర్థం వెళ్లగొట్టిన మనిషి కాదు, వెళ్లగొట్టడమనే పని! పెళ్లికూతురుంది, మెడలో తాళి ఉంది, కట్టినవాడు మాత్రం లేడన్నమాట.

మన తెలుగేం తక్కువ తినలేదు. 'నిర్వాసితులు' అన్నాం. అదీ కర్మణి రూపమే. 'ముంపు బాధితులు' అన్నాం, తుఫాను బాధితుల్లాగా. పాపం కృష్ణమ్మే ఒక రాత్రి కోపం వచ్చి పొంగినట్టు!

పొంగలేదు. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు, లక్షమంది దాకా జనం లేచిపోవలసివచ్చింది. చూశారా, నా కలానికీ ఈ జబ్బు అంటుకుంది! లేపేశారు. 1981లో ఇళ్లు కూలగొట్టి ఖాళీ చేయించిన ఆ కార్యక్రమం పేరు 'ఆపరేషన్ డిమాలిషన్'. ఆ ఒక్కచోట మాత్రం నిజం చెప్పారు.

కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయీ విప్పి, అలంపురం చేర్చి మళ్లీ కట్టారు. చేతులెత్తి దణ్ణం పెడతాను. దేవుణ్ణి ఎవరూ ఔస్టీ అనలేదు. ఆ బిరుదు మనుషులకే.

"అయితే డ్యామే వద్దంటావా?" అన్నారు మావారు. అనను. 1982 నుంచి అక్కడ కరెంటు పుడుతోంది. మన మిక్సీలు తిరిగాయి. ఆ నీళ్లు తెలుగుగంగగా చెన్నై దాకా వెళ్లాయి. వెలుగు మనది, నీళ్లు మనవి. అందుకే కర్తను దాచొద్దంటున్నాను. కర్త లేని వాక్యంలో బాకీ ఉండదు. మునిగిపోయినదానికి జాలిపడితే చాలు, ముంచినదానికి జవాబు చెప్పాలి. ఉద్యోగాలిస్తామని 1986లో 98 జీవో ఇస్తే, దాన్ని అమలు చేయమంటూ ఆ జనం దశాబ్దాల తరబడి ధర్నాలు చేయాల్సి వచ్చింది. 1894 నాటి భూసేకరణ చట్టం పోయి 2013 చట్టం వచ్చాక 'డిస్‌ప్లేస్డ్ ఫ్యామిలీ' అన్న మాట రాశారు. మర్యాద పెరిగింది, కర్త మాత్రం ఇంకా అజ్ఞాతవాసంలోనే ఉన్నాడు.

మా అబ్బాయితో చెప్పాను: "పగలగొట్టాను అను, తిట్టను. చీపురు తెచ్చి ఆ ముక్కలెత్తు." ఆఫీసులకైనా అంతకన్న పెద్ద పాఠం నా దగ్గర లేదు.

ఈసారి శ్రీశైలం వెళితే ఆ పెద్దావిడ ముందు జాలి ఒలకబోయను. "మీ ఊరిని ముంచాం పెద్దమ్మా" అంటాను.