కౌంటరు వెనుక జలుబు మందు

అనువాదకుడికి కొన్ని మాటలు కాలిలో ముల్లు వంటివి. నిఘంటువులో అర్థం కనిపిస్తూనే ఉంటుంది, కలం మాత్రం ముందుకు సాగదు. ‘కౌంటరు వెనుక’ అన్న ఆంగ్ల ప్రయోగం నాకు అలాంటిది. ఒక అమెరికన్ కథలో జలుబు మాత్రలను కౌంటరు వెనుకకు చేర్చారని చదివి, ఇందులో విశేషమేమిటో బోధపడక ఒక పూట ఆగిపోయాను. మన మందుల దుకాణాల్లో ఏ మందైనా ఉండేది కౌంటరు వెనుకనే కదా!

అక్కడి తీరు వేరని, ఒహాయోలో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసింది. జ్వరం మాత్రలు, దగ్గు మందులు సబ్బుబిళ్ళల పక్కనే బారులు తీరి ఉంటాయి. కావలసినవి మనమే ఏరుకోవాలి. ముక్కు దిబ్బడ మాత్రలు ఉండవలసిన చోట మాత్రం అట్టముక్కలు వేలాడుతున్నాయి. ఒకటి తీసుకువెళ్ళి ఇస్తే ఫార్మసిస్టు అక్కయ్య డ్రైవింగ్ లైసెన్సు చూసి, వివరాలు నమోదు చేసి, సంతకం తీసుకుని, అప్పుడు ఒక పెట్టె చేతికిచ్చింది. “ఒక్క జలుబుకు ఇంత తతంగమా?” అన్నాను. “ఇక్కడ తుమ్మాలన్నా సంతకం పెట్టాలిరా!” అన్నది అక్కయ్య.

ఆ మాత్రలోని మందు సూడోఎఫెడ్రిన్. దాని తోబుట్టువైన ఎఫెడ్రిన్‌ను 1885లో జపాను శాస్త్రవేత్త నాగై నాగయోషి ఎఫెడ్రా మొక్క నుంచి వేరుచేశాడు. మన హిమాలయాల్లోనూ ఎఫెడ్రా జాతి మొక్కలు పెరుగుతాయి; వేదాలలోని సోమలత ఇదేనని ఊహించిన పండితులున్నారు. అదే నాగై 1893లో ఎఫెడ్రిన్ నుంచి మెథాంఫెటమిన్‌ను తయారుచేశాడు. మందుకూ మత్తుకూ నడుమ అణునిర్మాణంలో తేడా ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఆ ఒక్క పరమాణువు అమెరికా పల్లెల్లో ఎన్ని సంసారాలను కూల్చిందో చెప్పనలవి కాదు. జలుబు మాత్రలు బుట్టల కొద్దీ కొని, వంటిళ్ళలో, కారు షెడ్లలో, అద్దెగదుల్లో దొంగచాటుగా సరుకు దించేవారు. పేలుళ్ళు జరిగేవి. గోడలకు విషం పట్టేది. కాలిన ఒళ్ళతో ఆసుపత్రికి చేరినవారిలో చంటిపిల్లలూ ఉండేవారు.

2004లో ఓక్లహోమా రాష్ట్రం ఈ మాత్రలను కౌంటరు వెనుకకు నెట్టింది. 2006 మార్చిలో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఒక మనిషికి రోజుకు 3.6 గ్రాములకు మించి అమ్మరాదు. ముప్పై రోజుల్లో 9 గ్రాములకు మించి కొనరాదు. కొన్నవారి వివరాలు రెండేళ్ళు భద్రపరచాలి. ఒక్క మనిషి నెల పొడుగునా జలుబుతో తీసుకున్నా ఈ కొలత చాలుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి పడిశం పడితేనే చిక్కు. కొన్ని రాష్ట్రాల కట్టడి ఇంకా బిగువు. ఇండియానాలో భర్తకొక పెట్టె, కూతురికొక పెట్టె వారం తిరగకుండా కొన్న ఒక బామ్మగారు 2009లో అరెస్టయ్యారు.

ఫలితం లేకపోలేదు. 2004లో దేశం మొత్తం మీద సుమారు 24 వేలుగా లెక్కతేలిన దొంగ తయారీ ఉదంతాలు 2007 నాటికి 7 వేలకు దిగాయి. కాని విరుగుడు త్వరలోనే దొరికింది. పదిమందిని పోగుచేసి, దుకాణం దుకాణానికీ తిప్పి, ఒక్కొక్కరిచేత పరిమితికి లోబడి పెట్టె చొప్పున కొనిపించడం. దీనికి అక్కడ ‘స్మర్ఫింగ్’ అని పేరు. బెల్జియం బొమ్మల కథల్లోని నీలిరంగు పొట్టివాళ్ళ పేరు మీద వచ్చింది. తెలుగులో ‘చీమల కొనుగోలు’ అందామా? ఒక్కొక్క చీమ మోసేది ఒక్క పంచదార పలుకే, పుట్ట మాత్రం నిండుతుంది. 2010లో ఆ ఉదంతాలు మళ్ళీ 15 వేలకు చేరాయి. ఈలోగా మెక్సికోలోని పెద్ద ముఠాలు, తమ దేశం 2008లో సూడోఎఫెడ్రిన్‌ను నిషేధించేసరికి, దాని అవసరమే లేని మరో పద్ధతికి మళ్ళి అమెరికాను ముంచెత్తాయి. వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలన్న ఓరెగాన్, మిసిసిపీ రాష్ట్రాలు 2022 జనవరిలో ఆ నియమం ఎత్తివేశాయి. 2011లో అదే దారి పట్టిన న్యూజీలాండ్ 2024లో వెనుదిరిగింది.

నా మట్టుకు, ఒక పసివాడి ఒళ్ళు కాలకుండా ఉండడానికి నా సంతకం అడిగితే పది సంతకాలైనా పెడతాను. నన్ను బాధించేది వేరొకటి. సంతకం బాధ లేకుండా బయటి అరల్లో దొరికేందుకు కంపెనీలు మాత్రల్లో ఫినైల్‌ఎఫ్రిన్ అనే మరో మందు చేర్చాయి. నోటితో మింగితే అది ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ సలహాసంఘం 16 మంది సభ్యులూ ఏకగ్రీవంగా తేల్చారు. 2024 నవంబరులో దాన్ని తొలగించాలని ఆ సంస్థే ప్రతిపాదించింది. చట్టం వచ్చి అప్పటికి పదిహేడేళ్ళు దాటింది. దొంగ బట్టీలు ఎన్ని మూతపడ్డాయో లెక్క ఉన్నది. ఆ పదిహేడేళ్ళూ ఉత్త మాత్ర మింగి, రాత్రంతా నోటితో ఊపిరి పీల్చిన వారి లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

మన దేశం ఈ ముడిమందులను పెద్ద ఎత్తున తయారుచేసే దేశాల్లో ఒకటి. అందుచేత ఇక్కడ కావలి కర్మాగారం గుమ్మం దగ్గరే మొదలవుతుంది: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 2013లో వెలువడిన ఉత్తర్వు ప్రకారం, ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ తయారుచేసేవారూ అమ్మేవారూ నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోలో నమోదు కావాలి, లెక్కలు చూపాలి. దుకాణం కౌంటరు దగ్గర కొడీన్ వంటి కొన్నింటికి మాత్రమే, 2014 మార్చి నుంచి, రోగి పేరూ వైద్యుని పేరూ వ్రాసి మూడేళ్ళు దాచాలన్న నియమం ఉన్నది.

మొన్న చలికి నాకు మళ్ళీ పడిశం పట్టింది. మా వీధి చివరి మెడికల్ షాపులో, “జలుబు మాత్ర, నాలుగు” అన్నాను. చీటీ అడగలేదు, పేరు అడగలేదు. కుర్రవాడు కత్తెరతో స్ట్రిప్పులోంచి నాలుగు కత్తిరించి కవరులో వేశాడు. ఇంటికి వచ్చి, ఇందులో ఉన్నది ఏ మందో చూద్దామని కళ్ళజోడు పెట్టుకున్నాను. పేరు ఉన్న ముక్క దుకాణంలోనే ఉండిపోయింది, కౌంటరు వెనుక.