టర్బో విప్పే ముందు కొలత తీయండి
డీజిల్ కార్ల యజమానులకు, ఆటోనగర్ మెకానిక్ సోదరులకు విజ్ఞప్తి

"బండి లాగట్లేదు" అని షెడ్డుకు వెళ్తే చాలాచోట్ల రెండే మాటలు వినిపిస్తాయి. టర్బో పోయింది, మార్చాలి. లేదంటే, రీమ్యాప్ చేయిద్దాం, పికప్ అదే వస్తుంది. ఈ రెండూ కొలత తీసి చెప్పిన మాటలు కావు. కొలత చూడనిదే టర్బో విప్పనివ్వకండి, కొలత తీయనిదే విప్పకండి. మేం అడిగేది ఇదే.

టర్బోను తిప్పేది ఎగ్జాస్ట్ పొగ వేగం. తక్కువ ఆర్‌పీఎంలో ఆ వేగం చాలదు కాబట్టి యాక్సిలరేటర్ తొక్కాక ఒక్క క్షణం ఆగి లాగడం సహజం. దీన్నే టర్బో లాగ్ అంటారు. స్విఫ్ట్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజన్ అసలు లాగుడు 2000 ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది. అంతకు కింద అది మందమే, గేరు తగ్గించుకోవాలి. కానీ పోయిన నెల దాకా బాగా లాగిన బండి ఇప్పుడు మొరాయిస్తుంటే దాన్ని లాగ్ అనకూడదు. అది రిపేరు. ఆ రిపేరు చాలాసార్లు టర్బోలో ఉండదు.

ఇంటర్‌కూలర్ హోసునే తీసుకోండి. చల్లగా ఉన్నప్పుడు పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. క్లిప్పు వదులు చేసి అడుగువైపు తడిమితే వేలికి నూనె మసి అంటుతుంది, ఆ మసి కిందే సన్నటి చీలిక. టర్బో గాలి నింపగానే అది నోరు తెరుస్తుంది, బండి ఈల వేస్తుంది, వెనక నల్లపొగ. టర్బో ఇన్‌లెట్‌కు మూత బిగించి, కంప్రెసర్‌తో బండి మామూలు బూస్టుకు, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడికి, మించకుండా గాలి పట్టి, సబ్బునీళ్లు చల్లితే బుడగలే చోటు చూపిస్తాయి. ఆ తర్వాత ఎండిపోయి పగిలిన వ్యాక్యూమ్ పైపులు, మసి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్, మూసుకోని ఈజీఆర్ వాల్వు చూడాలి. వేరియబుల్ టర్బో అయితే చేతి పంపుతో వ్యాక్యూమ్ ఇచ్చి యాక్చుయేటర్ కడ్డీ సాఫీగా కదులుతోందో, పట్టి నిలుస్తోందో చూడాలి. షాఫ్టు పక్కలకు కాస్త ఆడినంత మాత్రాన టర్బో పోయినట్టు కాదు. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్నా అప్పుడు మార్చండి.

స్కానర్ ఉన్న షెడ్డుకు పని ఇంకా తేలిక. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే ప్రెషర్ సెన్సార్ బయటి గాలి ఒత్తిడిని చూపాలి. విజయవాడలో సుమారు 100, ఎత్తుమీదున్న హైదరాబాదులో సుమారు 95 కిలోపాస్కల్. అక్కడే తేడా ఉంటే సెన్సార్‌ను అనుమానించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి, ఇంజన్ కంప్యూటర్ అడిగిన బూస్టు ఎంత, అందింది ఎంత అని పక్కన కూర్చున్న మనిషి రాసుకోవాలి.

రోగం తేలకుండా చేసే రీమ్యాప్ అయినా, పెట్టే ట్యూనింగ్ బాక్సు అయినా గాలి ఆడని పొయ్యిలో కట్టెలు కుక్కినట్టే. డీజిల్ పెరుగుతుంది, గాలి పెరగదు. పొగ, వేడి, క్లచ్ అరుగుదల మిగులుతాయి. బీఎస్-4 డీజిల్ పొగ పరీక్షలో కాంతి శోషణ గుణకం 1.62 దాటకూడదు, బీఎస్-6కు 0.7. ఆ పొగ పీల్చేది వెనక బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకున్నవాళ్లు.

యజమానులకూ ఒక మాట. మెకానిక్ గంటసేపు వెతికి చిన్న హోసు మారిస్తే హోసు డబ్బులే ఇస్తాం. పార్టు మారిస్తేనే కూలి గిట్టుబాటయ్యేలా చేసింది మనమే. అందుకే ప్రతి షెడ్డూ తనిఖీకి విడిగా రేటు రాసి బోర్డు పెట్టాలి, మనం బేరమాడకుండా ఇవ్వాలి. లీకు పరీక్ష మూతలు, చేతి వ్యాక్యూమ్ పంపు ప్రతి ఒక్కరూ కొనలేకపోతే మెకానిక్ సంఘం ఒక సెట్టు కొని అందరికీ అందుబాటులో ఉంచాలి. జాబ్ కార్డులో అడిగిన బూస్టు, అందిన బూస్టు, లీకు పరీక్ష ఫలితం రాసి సంతకం పెట్టాలి. మార్చిన పాత టర్బోను యజమానికి అప్పగించాలి.