అమ్మ వేషం

గడిచిన చలికాలం గుంటూరులో ఒక నాటక పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. మూడో రోజు ఆఖరి నాటికలో ఒక హిజ్రా పాత్ర ఉంది. ఆ వేషం వేసిన కుర్రాడు చురుకైనవాడే. చీర కట్టు కుదిరింది, నడక కుదిరింది. నోరు విప్పే ముందు మాత్రం ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాడు, గొంతు బొంగురు చేసేవాడు. హాలంతా నవ్వేది. తెర పడ్డాక మెట్ల దగ్గర ఒకామె నా కోసం నిలబడి ఉంది. తనూ ట్రాన్స్ మహిళే.

"ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు సార్. చిన్నపిల్లాడు, సినిమాల్లో చూసిందే చేశాడు. మా వేషం మాకే ఇమ్మని కూడా అడగను. అమ్మ వేషం ఉంటుంది, టీచరమ్మ వేషం ఉంటుంది. వాటికి మమ్మల్ని ఎప్పుడైనా పిలుస్తారా?" అంది.

ఆ పూట ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచీ ఆ మాట నన్ను వదల్లేదు.

పాత్రది ఏ కులమో, ఏ మతమో, ఏ లింగమో నటుడిదీ అదే అయి ఉండాలా అని ప్రపంచమంతా వాదన నడుస్తోంది. 2015లో వచ్చిన 'ది డేనిష్ గర్ల్' సినిమాలో ట్రాన్స్ మహిళగా నటించిన ఎడ్డీ రెడ్‌మేన్, ఇప్పుడైతే ఆ వేషం ఒప్పుకోనని 2021లో తనే చెప్పాడు. 'కోడా' సినిమాలో బధిరుడైన తండ్రిగా నటించి 2022లో ఆస్కార్ అందుకున్న ట్రాయ్ కాట్సర్ నిజంగానే బధిరుడు. ఈ వార్తలు చదివి మనవాళ్లు కొందరు ఇదేదో పడమటి దేశాల గొడవ అనుకుంటున్నారు. ఈ గొడవ మన గడప లోపలిదే, వందేళ్ల కిందటిదే.

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సంగతి చూడండి. ఆడవేషం వేయాల్సిన నటుడు రాని రోజున చంద్రమతిగా రంగం ఎక్కి, ఆ తరవాత దశాబ్దాల పాటు తెలుగు రంగస్థలానికి సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, మధురవాణి, చింతామణి, రోషనార అన్నీ ఆయనే అయ్యారు. చిత్రాంగిది సవతి కొడుకు మీద మోహం. దేవదేవిది విప్రనారాయణుణ్ని పడగొట్టబోయి తానే భక్తిలో పడిపోయిన జన్మ. రోషనార మొగల్ రాకుమార్తె. ఒక ఆడదానికీ మరో ఆడదానికీ నడకలో, చూపులో, చీర చెంగు పట్టుకునే తీరులో తేడా ఉండేదట. ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్న ఆడవాళ్లున్నారని మా పెద్దలు చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. చైనాలో మెయ్ లాన్‌ఫాంగ్ అదే కాలంలో ఆడవేషాలతో పెకింగ్ ఒపెరాను ఏలాడు. మగవాడివి, నీకు సత్యభామ మనసేం తెలుసని స్థానం వారిని ఆపి ఉంటే మనం ఎంత పోగొట్టుకునేవాళ్లమో చెప్పలేను.

ఇంకొకాయన మాకు మరీ దగ్గరివారు. అమరావతికి కూతవేటులో, తాడికొండ మండలం పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్. దూదేకుల కుటుంబం. ఈ ప్రాంతంలో పింజారీ అన్న మాటను తిట్టుగా వాడతారు. పత్తి పండే నేల మీద పత్తి ఏకే వాళ్ల పేరునే తిట్టు చేసుకున్నాం. నాజర్ ఆ మాటనే తీసుకుని తన ఆత్మకథకు పేరుగా పెట్టుకున్నారు. బుర్రకథ చెప్పి 1986లో పద్మశ్రీ పొందిన ఆ మనిషి పల్నాటి యుద్ధం ఎత్తుకుంటే ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చేవి. బుర్రకథలో ఉన్న గొప్పతనమే అది. తంబురా భుజానికెత్తుకున్న కథకుడు ఒక్కడే. అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఆ ఒక్కడే బ్రహ్మనాయుడు, ఆ ఒక్కడే నాయకురాలు నాగమ్మ, మరు నిమిషంలో కొడుకును కారెంపూడి కదనానికి సాగనంపే ఐతమ్మ, ఆ వెంటనే బాలచంద్రుడు. వైష్ణవుడైన బ్రహ్మనాయుడు ఒక ముస్లిం గొంతులో పలుకుతుంటే ఈ మెట్ట పొలాల జనం చెవులప్పగించి విన్నారు.

నాగమ్మ అనగానే ఇంకొకటి గుర్తొస్తుంది. బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో ఎన్టీ రామారావు వేసిన తొలి వేషం నాగమ్మదే. మీసం తీయనన్నారు, తీయకుండానే వేశారు, 'మీసాల నాగమ్మ' అన్న పేరు జీవితాంతం నిలిచింది. ఇక చిర్రావూరు ఆడపడుచు సావిత్రిని 'మహానటి'లో 2018లో మన కళ్ల ముందు నిలబెట్టిన కీర్తి సురేష్ తండ్రిది కేరళ, తల్లిది తమిళం. తన గొంతుతోనే తెలుగు పలికి జాతీయ అవార్డు తెచ్చుకుంది. చిర్రావూరు వాళ్లు కళ్లు తుడుచుకుంటూ హాల్లోంచి బయటికి వచ్చారే గానీ ఎవరి పిల్లవి అని అడగలేదు.

కనుక ఈ పత్రిక అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. పోలికే అర్హత అనే నియమం మాకు సమ్మతం కాదు. ఆ నియమం పెడితే మొదట దెబ్బ తినేది బలహీనులే. మాదిగ కుర్రాడికి పాలేరు వేషం, సాయిబుల పిల్లవాడికి సాయిబు వేషం, ట్రాన్స్ మహిళకు దారిలో చెయ్యి చాపే వేషం శాశ్వతంగా రాసిపెట్టినట్టవుతుంది. మెట్ల దగ్గర నన్ను నిలదీసినామె ఆ ప్రమాదాన్ని నాకన్నా ముందే చూసింది.

అయితే ఇంతవరకూ చెప్పింది ఒక పక్క. రెండో పక్క చూడకుండా స్థానం వారినీ నాజర్‌నీ తలుచుకుని మురిసిపోవడం న్యాయం కాదు.

సత్యభామ జడ సంగతే తీసుకుందాం. కృష్ణా నదికి అవతల కూచిపూడిలో ఆ జడ వేసుకున్నది బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు. ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని ఐతిహ్యం. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్లు ఇప్పటికీ ఆ చూపు గురించి మాట్లాడతారు. అదే జడను గోదావరి జిల్లాల్లో కళావంతుల ఆడవాళ్లు కూడా వేసుకున్నారు. వాళ్ల భామాకలాపం రాత్రుల తరబడి సాగేది. దేవాలయాలకు ఆడపిల్లల్ని అంకితం చేయడాన్ని 1947 మద్రాసు చట్టం నిషేధించింది. ఆ చట్టం రావాల్సిందే, ఎందరో ఆడపిల్లల బతుకు దానితో మారింది. కానీ దురాచారంతోపాటు వాళ్ల కాళ్ల గజ్జెలు కూడా విప్పించాం. ఆడది, అందులోనూ ఆ కులపు ఆడది ఆడితే బోగం మేళం అన్నాం. మగవాడు ఆ పాత్రనే ఆడితే సభల్లో శాలువా కప్పాం. నటరాజ రామకృష్ణ ఆ వృద్ధ కళాకారిణుల్ని వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల విద్యను ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టకపోతే ఆ మాత్రమూ మిగిలేది కాదు. మద్రాసులో వెంపటి చినసత్యం 1963లో అకాడమీ పెట్టాక ఇంటింటి ఆడపిల్లలూ కూచిపూడి నేర్చుకున్నారు, సంతోషం. వాళ్లలో కళావంతుల మనవరాళ్లు ఎందరున్నారని ఎవరూ లెక్క అడగలేదు. కూచిపూడి ఆడవేషం వెనక ఉన్న కులాన్నీ మగతనాన్నీ తరచి చూస్తూ అమెరికాలోని తెలుగు పరిశోధకురాలు హర్షిత మృతింటి కామత్ 2019లో ఒక పుస్తకమే రాశారు. అది తెలుగులోకి రావాలని ఈ పత్రిక కోరిక.

మధురవాణి విషయమూ అంతే. గురజాడ వేశ్య పాత్రకు అందరికన్నా ఎక్కువ తెలివీ, నీతీ ఇచ్చాడు. ఆమెకు మగవేషం వేసి సౌజన్యారావు ఇంటికి పంపించాడు. కరటకశాస్త్రి శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టించి లుబ్ధావధాన్లుకు పెళ్లి చేయించాడు. వేషం మారితే మనిషిని లోకం చూసే చూపు ఎట్లా మారుతుందో 'కన్యాశుల్కం' అడుగడుగునా చూపిస్తుంది. రంగస్థలం మీద మధురవాణిగా స్థానం వారూ, 1955 సినిమాలో సావిత్రీ మెప్పించారు. మధురవాణి పుట్టిన కులంలో పుట్టిన ఆడపిల్లకు మాత్రం, సానికూతురు అన్న మాట పడకుండా ఆ వేషం వేసే వీలు ఆ రోజుల్లో లేదు. వేసినామె ఊరు దాటి, పేరు మార్చుకుని, కులం దాచుకుని వేయాల్సి వచ్చేది.

గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశాడు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. మాలపిల్లగా కాంచనమాల. ఆ కాలానికి అది గొప్ప సాహసం, ఆ సాహసాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. ఆ పక్కనే కేరళలో తొలి మలయాళ చిత్రం 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీగా నటించిన దళిత స్త్రీ పి.కె. రోజీకి ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. తను నటించిన సినిమా మొదటి ఆట చూడ్డానికి ఆమెను రానివ్వలేదు. ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. పై కులం నటి కింది కులం పాత్ర వేస్తే సంస్కరణ అయింది, కింది కులం నటి పై కులం పాత్ర వేస్తే నేరమైంది. వేషం ఎవరిదైనా కావచ్చు అని వాదించేవాళ్లం, నేనూ అందులో ఒకణ్నే, ఈ రెండు ఘటనల్నీ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడాలి.

మాఘం దాటాక మా వైపు మిరప కోతలు. కళ్లాల్లో కాయలు ఆరబోసి తాలు కాయలు ఏరే ఆడవాళ్ల వేళ్ల మంట రాత్రికి కూడా చల్లారదు. బిడ్డను ఎత్తుకోవాలన్నా వెనకాడతారు, కంట్లో పడుతుందని. సినిమాలో మిరప చేను కావాల్సి వచ్చినప్పుడు తెల్లటి హీరోయిన్‌కు ఒళ్లంతా నలుపు రంగు పూసి చేతికి గంప ఇస్తారు. గంపను నడుముకు ఏ పక్క ఆనించాలో ఆ పిల్లకు చెప్పేవాళ్లు కూడా ఉండరు. నలుపు రంగు కొనుక్కొచ్చే బదులు నల్లగా పుట్టిన పిల్లలు ఎందరు నటించాలనుకుంటున్నారో కనుక్కుంటే ఏం? ఇక యాసల మాట. మా గుంటూరు, కృష్ణా మాటను హీరోకిచ్చి, శ్రీకాకుళం మాటను నౌకరుకీ తెలంగాణ మాటను రౌడీకీ ఇచ్చిన పాపంలో ఈ నేలకు పెద్ద వాటా ఉంది.

కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' నాటకాన్ని 2022 జనవరిలో మన ప్రభుత్వం నిషేధించినప్పుడు కూడా, వేషాన్ని ఎట్లా వేస్తున్నామన్న అసలు ప్రశ్న మరుగున పడింది. సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ తరతరాలుగా నటులు పేర్చిన వెకిలి మాటలకు ఆర్యవైశ్యులు నొచ్చుకోవడంలో తప్పు లేదు. నిషేధం తప్పు. ఆ పేర్చిన మాటలు తీసేసి రచయిత రాసిన నాటకాన్ని ఆడించే ఓపిక ఎవరికైనా ఉండాల్సింది.

దారి కనిపించదనుకుంటే, విశాఖ కంచరపాలెం ఉంది. వెంకటేశ్ మహా 2018లో ఆ పేట మనుషుల్నే, అంతకు ముందు కెమెరా ముఖం చూడనివాళ్లనే పెట్టి 'కేరాఫ్ కంచరపాలెం' తీశాడు. అందులోనే వేశ్య సలీమాగా నటించిన పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె వైద్యురాలు, ఆ సినిమా నిర్మాత. తన వేషంలో తానున్న పేటమనిషీ, పరాయి వేషంలో ఉన్న డాక్టరూ ఒకే చట్రంలో ఇమిడారు. పిలవాల్సినవాళ్లను పిలిచారు, ఆ పైన ఎవరు ఏది వేసినా మనం నమ్మాం.

తెలంగాణలో చిందు భాగోతం ఉంది. మాదిగలను ఆశ్రయించి బతికే చిందువాళ్లు తరాలుగా రాజులూ దేవతలూ అయ్యారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆడింది, మగవేషాలూ కట్టింది. ఎల్లమ్మ దేవత వేషం కడితే జనం దండం పెట్టేవారు. తెల్లారి వేషం కడుక్కున్నాక ఆ మనిషే ఊరి చివర, వేరే చెట్టు కింద. మొహానికి రంగున్నంతసేపూ ఇచ్చిన గౌరవం రంగు లేనప్పుడు ఇవ్వని ఊళ్లు మనవి. ఆమె ప్రతిభకు వేషంతో ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

కృష్ణ ఒడ్డున రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. ఇక్కడ నాటకశాల కట్టే రోజు ఎప్పుడో వస్తుంది. అది కట్టేదాకా ఆగక్కర్లేదు. గుంటూరు, తెనాలి, చీరాల, ఒంగోలులో నాటకాలాడే సమాజాలకు ఒక్క విన్నపం. వేషాలు పంచే రోజున గదిలో ఎవరెవరు కూర్చున్నారో, ఎవరికి కబురు వెళ్లలేదో ఒక్కసారి చూసుకోండి. ఆడ, మగ, కులం చూడకుండా గొంతు విని, నడక చూసి పంచండి. పరాయి బతుకు వేషం వేస్తున్న పిల్లవాణ్ని ఆ బతుకు బతికే వాళ్ల ఇంటికి నాలుగు రోజులు పంపండి. ఆ రోజు పోటీలో చప్పట్లు కొట్టిన కుర్రాణ్ని ఎవరూ అట్లా పంపలేదు. వాడి తప్పు అంతవరకే.

మా మిత్రుడొకరు పల్నాటి కథను మళ్లీ నాటకంగా కడుతున్నాడు. బాలచంద్రుడు దొరికాడు, మాంచాల దొరికింది. నాగమ్మకు ఇద్దరు పోటీ పడుతున్నారు. ఐతమ్మ వేషం ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నాడు. మెట్ల దగ్గర నిలబడినామె ఫోన్ నంబరు అతనికి ఇచ్చాను. ఆదివారం రమ్మన్నాడట.